ఒడిబియ్యం పైసలతో ఆడిన ఆట

"నానమ్మా, నీకు పత్తాలాట వచ్చా?" అని మొన్న ఫోన్లో నవ్వారు కదా. పేకాట వచ్చు పిల్లలూ. ఓడిపోవడం ఇంకా బాగా వచ్చు. పోయినేటి సంగతి ఒకటి చెబుతాను, మీ నాన్నతో అనకండి.

కోరుట్లలో మా అన్న ఇంట్లో నాకు ఒడిబియ్యం పోశారు. పుట్టింటివాళ్లు ఆడపిల్ల కొంగులో పసుపు కలిపిన బియ్యం పోస్తారే, అదే. ఆ బియ్యంలో అన్న రెండు వేలు పెట్టాడు. చేతికిస్తే నేను తీసుకోనని తెలుసు. ఒడిలో పడ్డది వద్దనకూడదు.

"కండ్లద్దాలు తీస్కో చెల్లె," అన్నాడు.

బీడీలు చుట్టేటప్పుడు ఆకు అంచు కనబడక అవస్థ పడుతున్నాను అప్పటికి. నాలుగింటికి మీ తాత సిరిసిల్ల నుంచి జగిత్యాల బస్టాండుకు వస్తాడు, ఇద్దరం అద్దాల దుకాణానికి పోవాలి. అదీ అనుకున్నది.

భోజనాలయ్యాక అన్న బయటికి పోయాడు, వదిన చాప పరిచింది. మూడు ముక్కలాట. నేను, వదిన, పక్కింట్లో బీడీలు చేసే ఆమె. పది రూపాయలతో మొదలుపెట్టాం. గంటలో నావి ఐదు వందలు పోయాయి. అక్కడే లేవాల్సింది. పోయినవి వచ్చాక లేస్తానని కూర్చున్నాను.

"ఒడి బరువైతున్నదా పిల్లా, తేలిక చేస్తున్న," అంది వదిన.

"పంచు వదినె, ముచ్చట్లెందుకు?"

ఈసారి నాకు రాజు, తొమ్మిది, నాలుగు వచ్చాయి. ఒకదానికొకటి పొత్తు లేదు. అయినా పెద్ద ముక్కలున్నట్టు వంద పెట్టాను. పక్కింటామె తన ముక్కలు పడేసి తప్పుకుంది. వదిన వంద పెట్టింది. నేను రెండు వందలు. వదినా రెండు వందలు. ఆమె నా ముఖం వైపు చూడడం లేదు. ఇంకొక్కసారి పెంచితే భయపడి పడేస్తుందనుకున్నాను. పెంచాను. ఆమె వెనక్కి తగ్గలేదు. చివరికి నా దగ్గర ఒక్క ఐదు వందల నోటు మిగిలింది. అదీ పెట్టాను.

వదిన తన ఐదు వందలు పెట్టి, "చూపియ్," అంది.

ఆమెవి రెండు ఏడులు. అంతే.

"గా పత్తాలతోని గింత దూరమెట్ల వచ్చినవే?" అన్నాను.

"నీ చేతి ఏళ్లు చూస్కో. మంచి పత్తాలుంటే కదలవు. ఉత్తగ బెదిరిస్తే బీడీ చుడ్తవ్."

చూసుకున్నాను. నాలుగు ముక్క మూల నా బొటనవేలి కింద సన్నగా చుట్టుకుపోయి ఉంది.

వదిన నోట్లన్నీ పోగుచేసి నా వైపు చూసింది. చేయి కొంచెం ముందుకొచ్చింది కూడా. పక్కింటామె ఊరుకోలేదు.

"గెలిచినయి వాపసిస్తే ఆట గాదమ్మా, బిచ్చం."

ఆ మాటతో వదిన నోట్లు నడుముకు చెక్కుకుంది. నేను బియ్యం మూట ఎత్తుకున్నాను.

ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు కాబట్టి జగిత్యాల చేరగలిగాను. దారి పొడవునా ఏం చెప్పాలా అనే ఆలోచన. మీ తాత టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు.

"పా, మల్ల దుకాణంల మంది అయితరు."

"పైసలు లేవయ్యా."

"బస్సుల గిట్ల ఎవలన్న కొట్టేసిండ్రా?"

అవునంటే సరిపోయేది. నాలుక దాకా వచ్చింది.

"లేదు. ఆడిన. పోయినయ్."

చేతిలోని టీ తాగేశాడు. గ్లాసు పెట్టేసి, "ఎవలకు?" అన్నాడు.

"వదినెకు."

"మీ అన్న పెట్టిండు, మీ వదినె తీస్కున్నది. నడుమల నువ్వెందుకు పోయినవ్?"

నవ్వుతూ అనలేదు. సిరిసిల్ల బస్సెక్కాం. వేములవాడ దాటకముందే అన్న ఫోన్ చేశాడు.

"అద్దాలు తీస్కున్నవా చెల్లె? మంచిగ కనవడుతున్నదా?"

అంటే వదిన ఆట సంగతి చెప్పలేదు.

"మంచిగ కనవడుతున్నదే అన్నా," అన్నాను.

మీ తాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.