మీ అమ్మ ఏ ఊరి ఆడబిడ్డ?

మా మేనమామ పోయాడని పోయిన సోమవారం తంతి వచ్చింది. నేను కొల్లాపూర్ బడిలో మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్తున్నాను. తంతి జవాను గుమ్మం దగ్గర నిలబడి, "టీచరమ్మా, జర బయటికి రాండ్రి" అన్నప్పుడే నాకు అర్థమైపోయింది. ఏడ్చాను, నిజమే. కానీ బస్సులో పట్నం దాకా కూర్చున్నంతసేపూ ఏడుపుకన్నా గర్వమే ఎక్కువగా ఉంది. అలాంటి మనిషి నాకు మామ అయ్యాడు కదా అనిపించింది.

ఆయన పట్నంలో మతి చెడినవాళ్ల దవాఖానలో డాక్టరు. కట్టంగూర్‌లో నేతపని చేసే ఇంట్లో పుట్టాడు. మనసుకు వచ్చే జబ్బులు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా దిగుతాయో కనిపెట్టాలని బతుకంతా తిరిగాడు. ఎవరు కలిసినా పేరు అడగకముందే, "మీ అమ్మ ఏ ఊరి ఆడబిడ్డ?" అని అడిగేవాడు. బస్సు కండక్టర్లను కూడా వదిలేవాడు కాదు. ఒకసారి కోస్గి సంతలో గొర్రెలమ్ముకునే ఆయన, "గొర్రెను కొంటవా, నాకు పిల్లనిస్తవా?" అని ఎదురడిగాడట. ఆ సంగతి చెప్పి మామ తనే పడీపడీ నవ్వేవాడు.

ఆ ప్రశ్న వెనుక మా అమ్మమ్మ ఉంది. నూలు కండెలు చుట్టడంలో ఆమెను మించినవాళ్లు మా వాడలో లేరు. అలాంటి మనిషి యాభై నిండకముందే నూలు లేని రాట్నం తిప్పుతూ కూర్చునేది. మా అమ్మను చూసి, "ఎవరి పిల్లవే? పొద్దువోయింది, ఇంటికి పో" అనేది. గాలి సోకిందని కొందరు, చేతబడి అని కొందరు అన్నారు. వేపమండలతో కొట్టించారు కూడా. మామ అప్పుడు డాక్టరు చదువులో ఉన్నాడు. ఇది వంశంలో దిగే జబ్బేమోనని ఆయనకు అనుమానం పట్టుకుంది.

ఎంత చదివినా వెతకడం మాత్రం మనందరిలాగే ఇంటిపేరుతో మొదలుపెట్టాడు. తన ఇంటిపేరున్న వాళ్ల ఊళ్లన్నీ తిరిగాడు. "మీ ఇంట్ల మతి తప్పినోళ్లు ఉన్నరా?" అని అడిగితే, పెళ్లి కావలసిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని ఏ తల్లి చెప్తుంది? కొన్నిచోట్ల మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేశారు.

దారి దొరికింది అమ్మమ్మ పోయిన రోజున. మా వైపు పెళ్లయిన ఆడది చనిపోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. నేతవాళ్లం కనుక సొంత మగ్గం మీద నేసిన చీరే తెస్తారు. అమ్మమ్మ అన్న కొడుకు చీర కప్పి, అరుగు మీద కూలబడి, "పోయినేడు చిన్నత్తకు గూడ గిట్లనే తీస్కపోయిన. ఆమె గూడ ఆఖరికి ఎవ్వలినీ గుర్తువట్టకపాయె" అన్నాడు. ఆ చిన్నత్త అమ్మమ్మ చెల్లెలే. ఏడుస్తున్న మామ తలెత్తి ఆయన వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆడపిల్లలు ఇంటిపేరు మార్చుకుని వెళ్లిపోతారు. జబ్బు వాళ్ల వెంట వెళ్లింది, మామ మాత్రం తన తండ్రి ఇంటిపేరు వెంట తిరిగాడు. "డాక్టరు చదువు చదివిన గని అమ్మ పుట్టిల్లు మరిచిన" అని తనను తానే వెక్కిరించుకునేవాడు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ మతి మాట ముందు ఎత్తలేదు. "మీ ఇంటికెల్లి పుట్టింటి చీర ఏ ఏ ఊర్లకు పోయింది?" అని అడిగేవాడు. చీర గురించి చెప్పడానికి ఎవరికి దాపరికం? కూర్చోబెట్టి చాయ ఇచ్చి మరీ చెప్పేవాళ్లు. చీర వెళ్లిన ఊరికల్లా ఆయనా వెళ్లి, పోయినవాళ్ల చివరి రోజులు ఎలా గడిచాయో అడిగి తెలుసుకునేవాడు.

తెలుసుకున్నదంతా ఒక తెల్లని నేతగుడ్డ మీద గీశాడు. ఆడవాళ్లకు గుండ్రం, మగవాళ్లకు చదరం. జబ్బు వచ్చినవాళ్లకు లోపల నల్లసిరా నింపేవాడు. వట్టి అనుమానంతో ఒక్కటి కూడా నింపలేదు. గుడ్డ పరిచి చూస్తే, ఒకే తల్లి పిల్లల్లో కొందరు నలుపు, కొందరు తెలుపు.

"శాపమైతే అందరికీ తగలాలె గద? గీ పిల్లలను ఎందుకు ఇడిసిపెట్టింది?" అని నన్నడిగాడు. "శాపం గాదు బిడ్డా. కండ్ల రంగు దిగినట్టు దిగుతాంది."

పట్నంలో పెద్ద డాక్టర్లు మొదట ఆ గుడ్డను చూసి నవ్వారట. తర్వాత వాళ్లే తమ విద్యార్థులను ఆయన వెంట ఊళ్లకు పంపారు.

నా పెళ్లి మాటలకు కొల్లాపూర్ నుంచి మగపెళ్లివారు వచ్చిన రోజు మరిచిపోలేను. అమ్మ మామను వంటింట్లోకి పిలిచి, "తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల గా గుడ్డ ముచ్చట తియ్యకు" అంది. నాకు కాబోయే అత్తగారు మంచినీళ్లు తాగి చెంబు కింద పెట్టి, "మీ అమ్మకు మతి తప్పిందట గద?" అని సూటిగా అడిగేసింది. అమ్మ ముఖం పాలిపోయింది.

"తప్పింది" అన్నాడు మామ. "మా చిన్నమ్మకూ తప్పింది. రేపు నాకు రావొచ్చు, మా అక్కకు రావొచ్చు, రాకపోవచ్చు. మా అక్కకొస్తే గీ పిల్లకూ భయమే. ఎవలికొస్తదో ముందే చెప్పే విద్య ఇంకా రాలేదు. దాచిపెట్టి మాత్రం పిల్లనియ్యం. జబ్బుకు లేని సిగ్గు మనకెందుకు చెల్లె?"

ఈ సంబంధం పోయిందనే అనుకున్నాను. కానీ అత్తగారు లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా తమ్మునికి చెవులల్ల ఎవలో మాట్లాడుతున్నట్టు ఇనవస్తది. కొట్టంల గొలుసుతోని కట్టేసినం. జర వచ్చి చూస్తవా అన్నా?" అంది.

మామ మర్నాడే వెళ్లి గొలుసు తీయించి, ఆయనను దవాఖానకు తీసుకుపోయాడు. "ఇది మా ఇంటి జబ్బు గాదు, ఇంకొకటి. నూలు పుట్టుకతోని వస్తది, నేత బతుకుల పడ్తది. మీరు మంచిగ చూసుకోవాలె" అని చెప్పాడట. పూర్తిగా నయమైందని చెప్పను. కానీ మళ్లీ గొలుసు వేయలేదు. నా పెళ్లిలో ఆయన అందరితో పాటు బంతిలో కూర్చుని అన్నం తిన్నాడు.

రెండేళ్ల కిందట మామకూ మొదలైంది. ముందుగా కనిపెట్టింది ఆయనే. రోజూ చూసే రోగి పేరు మరిచిన నాడు, ఇక రోగులను చూడనని దవాఖానలో చెప్పి ఇంటికొచ్చాడు. గుడ్డ పరిపించి, తన చదరంలో తన చేత్తోనే సిరా నింపాడు. గీత దాటలేదు. అమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తుంటే, "ఏడువకక్కా. లోకమందరికీ దాచొద్దని చెప్పి, నాదైతే దాస్తనా?" అన్నాడు. ఆ మనిషికి మేనకోడలినని ఎక్కడైనా తలెత్తి చెప్పుకుంటాను.

చివరిసారి వెళ్లినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు. కొత్తవాళ్లతో మాట్లాడినట్టు మర్యాదగా కూర్చోమన్నాడు.

"మీ అమ్మ ఏ ఊరి ఆడబిడ్డ?"

"కట్టంగూర్ ఆడబిడ్డ, మామా."

"మా ఊరే గద! అయితే నువ్వు మాదాన్వే" అని ఎంతో సంబరపడ్డాడు. పక్క మీది దుప్పటిని అరచేత్తో సాపు చేసి, చూపుడు వేలితో మెల్లగా ఒక గుండ్రం గీశాడు. వేలు ఎత్తి, కాసేపు దాన్నే చూశాడు. లోపల నింపలేదు.