మా బుగ్గలోడి మెడలో గడ్డ

నేను ఊరిబడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా నలభై రెండేళ్ళు బ్యాండు నడిపాను. ముప్పై ఆరుగురి చేత ట్రంపెట్ పట్టించాను. జోరువానలో మూడు గంటలు ఆగకుండా వాయించి, గొడుగులు పట్టుకున్న పెద్దమనుషుల చేత గొడుగులు పక్కన పెట్టించి మరీ చప్పట్లు కొట్టించుకున్నాను. ఇవన్నీ ఒక ఎత్తు, మా తమ్ముణ్ణి తయారు చెయ్యడం ఒక ఎత్తు.

వాణ్ణి అందరూ బుగ్గలోడంటారు. ట్రంపెట్ ఊదితే రెండు బుగ్గలూ బంతుల్లా ఉబ్బి, కళ్ళు వాటి వెనక దాక్కుంటాయి. అరవై దాటినా ఒక్క ఊపిరితో స్వరాన్ని ఇరవై సెకన్లు నిలబెట్టేవాడు. ఊదడం లేనప్పుడు మా బ్యాండు షెడ్డు కిటికీ పక్కన కూర్చుని, చెక్కసుత్తితో ఇత్తడి వాయిద్యాల సొట్టలు తీసేవాడు. వాడు తీశాక సొట్ట ఎక్కడుండేదో నేను కూడా కనిపెట్టలేను.

మా షెడ్డులో నేను పెట్టిన పద్ధతి ఒకటుండేది. చల్లబడ్డ ట్రంపెట్ శ్రుతిలో ఉండదు. అందుకని ప్రతిదాన్నీ ముందు నేను ఊది, వెచ్చబెట్టి, అప్పుడు చేతికిచ్చేవాణ్ణి. తుడవడం గిడవడం ఏమీ లేదు. గురువు ఊపిరి తగిలిందని అందరూ సంబరపడేవాళ్ళు.

ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే తమ్ముడి మెడ పక్కన గడ్డ తగిలింది. "మూడో బుగ్గ మొలుస్తోంది అన్నయ్యా" అన్నాడు. నెలైనా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, చొక్కాలన్నీ వదులు. మా మరదలు వాణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. ముక్క తీసి పరీక్షించి లింఫోమా అన్నారు. క్యాన్సరే. ఆ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ కనిపించిందట. హెర్పిస్ జాతిదట.

"అది ఎలా వస్తుందండీ?" అని మరదలు అడిగింది.

"ఎక్కువగా ఉమ్మి ద్వారా" అంది డాక్టరమ్మ.

నేను కుర్చీలోంచి లేచాను. "అయితే వాడికి అంటించింది నేనేనమ్మా. ఇన్నేళ్ళూ నా ఎంగిలే వాడి నోట్లో పెట్టాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "పెద్దాయనా, ఈ వైరస్ లేని పెద్దవాళ్ళు నూటికి పదిమంది కూడా ఉండరు. నాలోనూ ఉండే ఉంటుంది. చాలామందికి చిన్నప్పుడే, ఎవరో పెట్టిన ముద్దుతోనో, ఎవరో తాగిన గ్లాసుతోనో వచ్చేస్తుంది. వచ్చాక రక్తంలోని తెల్లకణాల్లో చేరి జీవితాంతం పడుకుంటుంది. ఎక్కువమందిని ఏమీ చెయ్యదు. ఏ కొద్దిమందిలోనో, ఒంటికి కాపలా సడలి, కణాల్లో వేరే తప్పులూ కలిస్తే, చావాల్సిన కణాలు చావకుండా పెరగడానికి తోడ్పడుతుంది. మీవల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు."

"చూశారా డాక్టరమ్మా, మా అన్నయ్యకు అన్నీ తానే నేర్పానని చెప్పుకోవడం అలవాటు. ఆఖరికి జబ్బు కూడా!" అన్నాడు తమ్ముడు.

మరదలు ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. "బావగారూ, ఇక ఆ మొహం సర్దుకోండి."

ఎంగిలి పంచుకుంటే వేరే జబ్బులూ వస్తాయని డాక్టరమ్మ చివాట్లు పెట్టింది. మర్నాడే ఎవరి ట్రంపెట్ వాళ్ళే వెచ్చబెట్టుకోవాలని షెడ్డు గోడ మీద రాయించాను. మా చుట్టుపక్కల అలా రాయించిన మొదటి బ్యాండు మాదే.

ఆరునెలలు రెండువారాలకోసారి మందులెక్కించారు. జుట్టు రాలింది, బుగ్గలు లోపలికి పోయాయి. ట్రంపెట్ పెదవులకు ఆనిస్తే నాలుగు సెకన్లకే దగ్గు. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. వాడు మాత్రం "పక్కవీధి బ్యాండువాళ్ళ కంటే ఒక సెకను ఎక్కువేగా?" అనేవాడు.

ఆఖరి స్కాను చూసి డాక్టరమ్మ నవ్వింది. "గడ్డ ఆనవాలు లేదు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి."

"మరి ఆ వైరస్?" అన్నాను.

"అది పోదు. పడుకుని ఉంటుంది."

"ఉండనివ్వండి" అన్నాడు తమ్ముడు. "మా పెద్దడోలువాడూ ప్రాక్టీసంతా పడుకునే ఉంటాడు. ఇన్నేళ్ళూ వాణ్ణి భరించడం లేదూ?"

ఆసుపత్రి వరండాలోంచే షెడ్డుకు ఫోను చేశాను. రేపు పొద్దున్నే అందరూ రావాలనీ, బుగ్గలోడు వస్తున్నాడనీ, డోలువాణ్ణి మాత్రం ఎవరైనా లేపి తీసుకురమ్మనీ చెప్పాను.