మా షావుకారు కోయనివ్వని పోగులు

నగరిలో మా షావుకారు పోయారని మొన్న మా ఊరి మనిషి మద్రాసు హార్బరుకు వచ్చి చెప్పాడు. అప్పుడు నా భుజం మీద బియ్యం మూట ఉంది. దించాలని కూడా తోచలేదు.

ఆయనవి పన్నెండు మగ్గాలు. ఒకదాని మీద తొమ్మిదేళ్లు నేశాను. ఆయన నోటికి అందరం జడిసేవాళ్లం. ఒక్క పోగు తప్పితే మా తాతముత్తాతల దాకా వెళ్లేవారు. తిడుతున్నంతసేపూ ఆ గుడ్డను మాత్రం బొటనవేలితో నిమురుతూనే ఉండేవారు.

యుద్ధంలో నూలు రావడం ఆగిపోయింది. ఇనప్పెట్టెలో ఉన్న డబ్బుతో దొంగబజారులో దొరికినంత నూలు కొనిపెట్టమని ఆయన బావమరిది ఒకటే పోరు.

"ఆ దుడ్డంతా నూలుకు పోస్తే వీళ్లకు కూలి యాడిది? నూలు ఈపొద్దు కాకుంటే రేపు వస్తాది. చెయ్యి తిరిగినోడు పోతే మల్లా యాడ తెచ్చేది?" అన్నారు షావుకారు.

నేత లేకపోయినా శనివారం సగం కూలి చేతిలో పెట్టేవారు. ఏడాదికి పైగా మా పిల్లలు తిన్నది ఆ అన్నమే.

నేత తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు. అయిపోయిన పడుగు కొసలు మగ్గంలో ఉంటే కొత్త పడుగును వాటికి ముడివేసి నేత మొదలుపెట్టవచ్చు. కోసేస్తే ప్రతి పోగూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. అందుకే ఆయన ఒక్క కొసనూ కోయనివ్వలేదు. రోజూ పొద్దున్నే పైపంచెతో వాటి దుమ్ము దులిపేవారు. మాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఆ వైపు చూడలేకపోయేవాళ్లం.

సగం కూలి పావు కూలి అయింది. షావుకారమ్మ చెవుల కమ్మలు కూడా పోయాయి. మా చిన్నదానికి జ్వరం తగ్గలేదు. అందరికంటే ముందు నేనే అడిగాను.

"అన్నా, మద్రాసుకు పోతా."

తిడతారనుకున్నాను.

"పో అప్పా. బిడ్డ బతకల్ల. నేనేం చేసేది, పెట్టె అడుగు కనపడతా ఉండాది" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

నా వెనకే ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. యుద్ధం అయ్యాక నూలు వచ్చింది, నేసేవాళ్లు లేరు. నాకు కబురు పంపారు. మూటలు మోసి బిరుసెక్కిన వేళ్లు ఇక పోగు పట్టలేవని చెప్పడానికి నోరు రాలేదు. వస్తానని చెప్పి పంపాను.

నిన్న నగరి వెళ్లాను. పదకొండు మగ్గాలు విప్పి అమ్మేశారు. నాది అలాగే ఉంది.

"నువ్వు వస్తానన్నావని ఆయన దాన్ని అమ్మనీలేదు నాయనా" అంది షావుకారమ్మ.

దగ్గరికి వెళ్లి నా పాత పోగుల కొసలు పట్టుకున్నాను. వేళ్లకు దుమ్ము అంటలేదు.