హంసలదీవి ఇసుకలో పెద్ద టైర్లు

మొన్నామధ్య గుడివాడలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా టైర్ల కొట్టు ముందు ఒక కుర్రవాడు తన లారీకి పెద్ద టైర్లు వేయిస్తానని, వేయిస్తే గేర్లు కూడా మార్చాలా అక్కర్లేదా అని మెకానిక్కుతో తెగ వాదిస్తున్నాడు. అది వింటూ నా బస్సు వెళ్లిపోయిన సంగతే గమనించలేదు. సరిగ్గా ఇదే వాదన, ఇంతకంటె గట్టి గొంతుతో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో బందరులో మా బావ చేయగా విన్నవాణ్ణి. ఆ కాలపు లారీలు ఎక్కినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నా అవస్థ అర్థం చేసుకుంటారు.

బావ అంటే మా పెద్దక్క భర్త. దివిసీమలో తాతల నాటి నుంచి కాలవ పడవలు నడిపిన ఇల్లు వాళ్లది. ఉన్న పడవ అమ్మేసి, మిలిటరీ వాళ్లు వదిలించుకున్న ఒక పాత లారీ కొని, ధాన్యం బస్తాలు గుడివాడ మిల్లుకు తోలేవాడు. చదువు అబ్బని నేను ఆయన పక్క సీటులో కుదురుకున్నాను. బావ తల్లిని నేను అత్తయ్య అనేవాణ్ణి. మాఘ పౌర్ణమి నాడు హంసలదీవిలో, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఒక్కసారి మునగాలన్నది ఆవిడ కోరిక. అంత దగ్గర ఊళ్లో కాపురం చేసి కూడా, ప్రతి ఏడూ ఏ పురుడో, పంట కోతలో అడ్డొచ్చి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూనే ముసలిదైపోయింది. ఆ ఏడు గుండె బలహీనపడింది, ఎడ్లబండి కుదుపు పనికిరాదన్నాడు డాక్టరు. ఇంకో మాఘం ఆవిడకు లేదని మా అందరికీ తెలుసు, అందరికంటె ముందు ఆవిడకే తెలుసు.

లారీలో తీసుకెళ్దామంటే సముద్రపు ఒడ్డున ఇసుకలో సన్నటి టైర్లు దిగబడిపోతాయి. అందుకని బావ వెతికి వెతికి వెడల్పాటి పెద్ద టైర్లు సంపాదించాడు. బందరులో వాటిని బిగించిన మేస్త్రీ, చక్రం పెద్దదైతే ఇంజను మీద బరువు పడుతుందని, వెనక ఇరుసులో పళ్లచక్రాలు కూడా మార్పిస్తే వేగం తగ్గినా లాగే బలం వస్తుందని నచ్చజెప్పబోయాడు. ఆ సామాను మద్రాసు నుంచి రావాలి, పౌర్ణమి ముంచుకొస్తోంది. అంత బలం కొండలెక్కే బళ్లకు గదా అని బావ నవ్వేశాడు. పుట్టి బుద్ధెరిగి కొండ మొహం చూడని మనిషి ఆయన. మాకు ఎత్తంటే కాలవ వంతెనే. "మన సీమలో ఎక్కడానికి ఏముందండీ మేస్త్రీ గారూ? తెరచాప పెద్దదైతే పడవ జోరుగా పోదూ?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ సబబుగానే తోచింది.

బందరు నుంచి తిరుగు దారిలో లారీ తేలిపోతున్నట్టే వచ్చింది. బావ ముఖం వెలిగిపోయింది. పౌర్ణమి నాడు తెల్లవారుజామున అత్తయ్యను ముందు సీటులో దిండ్ల మధ్య కూర్చోబెట్టి బయలుదేరాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే, పొలాలెక్కడ ఆగాయో మడ అడవి ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ తెల్లదనంలో ఎక్కడి నుంచో సముద్రపు హోరు మాత్రం వినిపించేది. ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు కల్లో జరిగినట్టే ఉంటుంది.

సంగమం కనుచూపు మేరలో ఉందనగా ఇసుక లోతైంది. టైర్లు దిగబడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వాటిని తిప్పే సత్తువ ఇంజనుకు లేకపోయింది. మొదటి గేరులోనే మూలిగి ఆగిపోయింది. ఎన్నిసార్లు స్టార్టు చేసినా అదే వరస. బావ స్టీరింగు మీద తల ఆనించేశాడు. అత్తయ్య మాత్రం, పోనీలేరా, ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకుంటానంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో స్నానానికి నడిచి వెళ్తున్న జనం, మునిగి తిరిగొస్తున్న జనం చుట్టూ మూగారు. వాళ్లలో చేపల పడవల వాళ్లు సంగతి విని, పరుగెత్తుకెళ్లి మోకులు తెచ్చి బంపరుకు కట్టారు. ఎదురు నీటిలో పడవను గట్టు మీద నుంచి లాగినట్టు, ఆడా మగా తడిబట్టలతోనే తాళ్లు పట్టుకున్నారు. బావ మళ్లీ ఇంజను స్టార్టు చేశాడు. హైలెస్సా అని కొందరు, గోవిందా అని కొందరు. లారీ కదిలింది. అత్తయ్య చేతులు జోడించి తాడు పట్టిన ఒక్కొక్కరికీ మొక్కుతూనే ఉంది, కళ్లు ధారలు కడుతున్నాయి. నీళ్లలో నేనొక చెయ్యి, బావ ఒక చెయ్యి పట్టుకుంటే మునిగి లేచి, "ఇంతమంది తీసుకొచ్చార్రా నన్ను!" అంది చిన్నపిల్లలా.

తరవాత మద్రాసు నుంచి సామాను తెప్పించి బావ గేర్లు మార్పించాడు. గుడివాడ రోడ్డు మీద ఎడ్లబళ్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయేవి, ఆయన పట్టించుకోలేదు.

ఈ రోజుల్లో అక్కడికి ఎవరి బండిలో వాళ్లు వెళ్లి, ఎవరి స్నానం వాళ్లు చేసి వస్తున్నారు. సుఖమే, కాదనను. నేను ఆ సుఖం మొదట చూసింది మాత్రం ఆ ఏడే వర్షాలు తగ్గాక, అత్తయ్య అస్థికలు ఒళ్లో పెట్టుకుని వెళ్లిన నాడు. లారీ ఆ ఇసుకలో ఎక్కడా తడబడకుండా నీళ్ల దాకా నడిచింది. దారిలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తలెత్తి చూసి, మాకు సాయం అక్కర్లేదని గ్రహించి మళ్లీ పనిలో పడ్డారు. ఎవరైనా వస్తారేమోనని బావ కాసేపు బండి ఆపి చూశాడు.