కళ్ల చుట్టూ కమిలిన మచ్చలు

బస్టాండు వెనక సందులో రెండు కుర్చీల సెలూను ఆయనది. కత్తెర కంటే నోరే ఎక్కువ ఆడుతుందని అందరూ ఆయన్ని కబుర్లాయన అనేవారు. యాభై ఎనిమిదో ఏట ఒకరోజు నిద్ర లేచేసరికి రెండు కళ్ల చుట్టూ ఊదారంగు మచ్చలు కనిపించాయి. ఎక్కడా దెబ్బ తగిలిన గుర్తు లేదు.

"ఇంట్లో ఏమైనా గొడవా?" అని గడ్డం గీయించుకునేవాళ్లు నవ్వారు.

"మా ఆవిడ చెయ్యి బరువు" అని ఆయనా నవ్వాడు. ఆ మాట ఇంటికి చేరి ఆవిడ రెండు రోజులు పలకలేదు.

తర్వాత పాదాలు వాచాయి. ఒక తల పూర్తయ్యేలోపు ఊపిరాడక రెండుసార్లు కూలబడేవాడు. నాలుక మందమై మాట ముద్దగా వస్తుంటే, పొద్దున్నే తాగొచ్చాడనుకుని పాత గిరాకీ ఒకాయన లేచి వెళ్లిపోయాడు. చుక్క ముట్టని మనిషికి ప్రాణం చివుక్కుమంది.

గుండె డాక్టరమ్మ స్కాన్ చూసి గుండె గోడలు మందమయ్యాయంది.

"మందమైతే గట్టిపడ్డట్టేగా అమ్మా, మంచిదేగా?"

ఆమె తల అడ్డంగా ఊపి రక్తం డాక్టరు దగ్గరికి పంపింది. అక్కడ తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు.

"ఊపిరాడక వచ్చినవాణ్ణి, నా తుంటితో ఏం పని?" అని కూతుర్ని అడిగాడు.

"నాకూ అర్థం కాలేదు నాన్నా. మళ్లీ అడుగుదాం."

రక్తం డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "మూలుగలో కొన్ని కణాలు చెడిపోయాయి. రక్త క్యాన్సర్ లాంటిదే ఇది. అవి వదిలే పనికిరాని ప్రోటీను రక్తంతో వెళ్లి గుండెలో పేరుకుంటోంది. నాలుకలోనూ అదే. కళ్ల చుట్టూ మచ్చలూ దానివల్లే."

"అయితే క్యాన్సర్ గుండెలో ఉందా?"

"మూలుగలో. దెబ్బ గుండెకి."

"తప్పు దానిదీ, దెబ్బలు దీనికీనా?"

"అంతే" అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చే బస్సులో ఆయన, కూడా వచ్చిన భార్య వైపు తిరిగాడు. "ఇంతకీ నేను దేనికి భయపడాలి?"

"ఆ భయమేదో నాకొదిలెయ్యండి. మీరు మందులేసుకోండి."

వారం వారం పొట్టలో ఇంజెక్షన్లు పడ్డాయి. ఆర్నెల్లకి రక్తంలో ఆ ప్రోటీను బాగా తగ్గింది. సంబరంగా మెట్లెక్కబోయి నాలుగో మెట్టు మీదే చతికిలపడ్డాడు.

"తగ్గిందన్నారు, మరిదేంటి?"

"కొత్తగా చేరడం ఆగింది" అంది గుండె డాక్టరమ్మ. "చేరింది కరగడానికి ఏళ్లు పట్టొచ్చు. కొందరికి పూర్తిగా కరగదు కూడా."

తన సంగతేమిటో ఆయన అడగలేదు.

ఇప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చుని రోజుకి నాలుగు తలలు చేస్తాడు. జబ్బేంటని అడిగితే ఒకరోజు గుండె అంటాడు, ఒకరోజు రక్తం అంటాడు. మొన్న ఒకాయన రెండు జవాబులూ విని నిలదీశాడు. ఆయన కత్తెర ఆపాడు.

"సాయంత్రం మా అమ్మాయి వస్తుంది. దాన్నడగండి."