ఎడమ కంటి దగ్గరి నలుపు

ఆరేళ్లయింది. ఒక కాగితం మీద ‘లేదు’ అనే గడిలో నేను పెట్టిన టిక్కు గురించి పోయిన వారం దాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. ఇక మింగుడు పడటం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నంద్యాలలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై తీస్తాను. మాది శిరివెళ్ల దగ్గర పల్లె. పేరు అడగకండి. ఆ కాగితం ఎవరిదో ఆ మనిషి పేరు కూడా రాయను. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచాను కాబట్టి ఇక్కడా అన్న అనే అంటాను.

అన్నకు కాలు తిమ్మిరెక్కేది, చేతిలో సుత్తి జారేది, ఎడమ కన్ను మసకబారింది. నరాల డాక్టరు మెదడు స్కాన్ రాశాడు. ఆ డాక్టరు నంద్యాలకు వారానికి ఒక్కరోజే వస్తాడు, మధ్యాహ్నం దాటాక వెళ్లిపోతాడు. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. ఎమ్మారై యంత్రమంటే పెద్ద అయస్కాంతం. అందుకే లోపలికి పంపేముందు ఒంట్లో ఇనుము ఉందా అని అడిగి రాసుకోవాలి. అడిగాను. అడగలేదని అబద్ధం చెప్పను.

“ఒంట్లో ఇనుప ముక్క ఏమన్నా ఉండాదా అన్నా?”

“రెండేండ్ల కింద ఉలి మొన ఇరిగి ఈ ఎడం కంట్లో పడిందిలేప్పా. ఆడ్నే మా ఊర్లో తీపిచ్చుకున్నా.”

“అంతా వచ్చిందా?”

“వచ్చిందనే అన్నారు. ఏంటికప్పా?”

“ఏంల్యా. పండుకో.”

అలాంటప్పుడు ముందు కంటికి ఎక్స్‌రే తీయాలి. రవ్వంత ఇనుము మిగిలినా అయస్కాంతం దాన్ని లాగుతుంది, అది కంటి లోపల కోసేస్తుంది. ఇది నాకు బాగా తెలుసు, చదివిందే. ఎక్స్‌రే గది పక్కనే. అక్కడి మనిషి టీకి పోయాడు. పది నిమిషాలు ఆగితే వచ్చేవాడు. ఆగలేదు. ‘లేదు’లో టిక్కు పెట్టాను. పాపం, డాక్టరు వెళ్లిపోతే మళ్లీ వారం ఆగాలి కదా, అన్న కోసమే తొందరపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఒట్టి మాట. నాకు ఆకలేసింది, విసుగొచ్చింది, ఎక్స్‌రే మనిషిని పిలవడానికి బద్ధకించాను. అంతే.

బల్ల లోపలికి పోతుండగానే అరిచాడు. “కన్ను గుంజుతాండాదప్పా!” ఆపమని చెప్పడానికి చేతికిచ్చిన రబ్బరు బుడ్డిని పిసుకుతూనే ఉన్నాడు. కనీసం అప్పుడైనా ఆపి ఉండకూడదా? నేను మైకులో, “భయానికి అట్లనే ఉంటాదన్నా, కదలాకు” అన్నాను. నన్ను నమ్మాడు. పళ్లు బిగబట్టి అరగంట కదలకుండా పడుకున్నాడు.

బొమ్మలు వచ్చాయి. మెదడు నడిమి భాగం చుట్టూ తెల్లటి మచ్చలు, నరాల మీది పొర దెబ్బతిన్న చోట్లు. బొమ్మ తేటగా పడటానికి నరంలోకి మందు ఎక్కించాక వెలిగినవి కొత్తవి. లోపలి కణజాలమే పోయినచోట నల్లటి గుంటలు, అవి పాతవి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని నాలాంటివాడికే అర్థమైంది. ఏ దెబ్బ పాతదో ఏది కొత్తదో అంత చక్కగా చెప్పే యంత్రం అది. నేను కొట్టిన దెబ్బను కూడా చెప్పింది. ఎడమ కంటి దగ్గర బొమ్మంతా వంకరపోయి, ఉబ్బిన నలుపు. ఇనుముంటేనే అలా వస్తుంది. ఆ బొమ్మల్ని తీసేశాను. రోగి కదిలాడని రాసి మిగతావే పంపాను.

సాయంత్రానికి ఎడమ కన్ను పూర్తిగా చీకటైంది. ఈ జబ్బు కంటి నరానికీ వస్తుంది, మందులతో చూపు మెల్లగా తిరిగొస్తుందని డాక్టరు చెప్పాడట. ఆయన తప్పేముంది? ఆయన చూసిన బొమ్మల్లో ఇనుము లేదు, కాగితంలోనూ లేదు. చూపు రాలేదు. జబ్బే తినేసిందనుకుని అన్న ఊరుకున్నాడు. ఆ రోజే నేను నోరు విప్పి ఉంటే, కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయి ఉంటే... ఈ ‘ఉంటే’లతోనే ఆరేళ్లు గడిపాను. మొదట ఉద్యోగం పోతుందని భయం. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటారని భయం.

ఒంటికంటికి లోతు తెలియదు. అన్న ఇప్పుడు విగ్రహాల ముఖాలు చెక్కడం లేదు, పీఠాలు నునుపు చేస్తున్నాడని విన్నాను. జబ్బు చేతుల్లో సగం పట్టు తీసుకుంది. మిగిలిన సగాన్ని పనికిరాకుండా చేసింది నేనే. ఎప్పుడైనా ఆ దారిన పోతే, బస్సు ఆళ్లగడ్డలోకి రాగానే రోడ్డు పక్క శిల్పుల షెడ్లు కనబడకుండా ఫోను చూసుకుంటూ కూర్చుంటాను. ఛీ, ఏం బతుకు!

పోయిన వారం జాబితాలో ఆయన పేరు కనబడింది. మచ్చలు పెరిగాయేమో చూడటానికి మళ్లీ స్కాన్. ఏమీ తెలియనట్టు ముందు ఎక్స్‌రే తీయించి, అయ్యో, ముక్క ఉందే అని ఆశ్చర్యపోతే సరిపోయేది. దాచడమెందుకు, సగం అలాగే చేశాను కూడా. ఫిల్మును వెలుతురుకు పట్టి చూపాను. కంటిగుంటలో బియ్యపు నూకంత తెలుపు. “ఇనుమన్నా. ఎమ్మారై కుదరదు” అన్నాను.

అన్న ఫిల్మును కుడికంటికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“అప్పుడు గూడా ఉండిందా ఇది?”

ఉండిందన్నాను. ఆ తర్వాత ఆగలేకపోయాను. టిక్కు, టీకి పోయిన మనిషి, తీసేసిన బొమ్మలు, అన్నీ చెప్పాను. పక్కనున్న ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ పొద్దే చెప్పింటే కన్ను నిలిచేదా?”

ఏమో, తెలియదన్నా అని ఉంటే అబద్ధమూ కాదు. నిజంగా ఎవరికి తెలుసు? కానీ ఆ ‘ఏమో’ చాటునే కదా నేను ఇన్నేళ్లు దాక్కున్నది.

“నిలిచుండొచ్చన్నా.”

తిట్టలేదు. కొట్టలేదు. క్షమించనూ లేదు, నేనూ అడగలేదు. భార్య భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు. రేపు ఇదంతా రాసి మా యజమానికీ, ఆ డాక్టరుకూ ఇస్తాను. తర్వాత ఏమైనా కానీ. చెప్పేశాక గుండె తేలికైంది. ఆ తేలికకు నాకు హక్కు లేదని తెలుసు. అయినా తేలికైంది.