చెల్లె చిగుళ్లకు రాసిన మందు

బెల్లంపల్లిలో మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా చెల్లెకు ఆరేళ్లు నిండకముందే రెండు పండ్లు పుచ్చిపోయాయి. మిగతావైనా నిలవాలని దవాఖాన డాక్టరు పెన్సిలిన్ మలాము ఇచ్చాడు. పండ్లను తినే పురుగులు కంటికి కనబడవని, ఈ మందు వాటిని చంపుతుందని ఆయన నమ్మకం. అప్పట్లో పెన్సిలిన్ అంటే అందరికీ అంతే నమ్మకం.

రోజూ పొద్దున మా అమ్మ (మేం అవ్వ అనేవాళ్లం) చెల్లెను ఒళ్లో పడుకోబెట్టుకుని, గడ్డం పట్టి నోరు తెరిపించి, వేలికి దూది చుట్టి చిగుళ్ల వెంబడి మెల్లగా మందు రాసేది. కాసేపటిదాకా నోరు మూయకూడదు, మాట్లాడకూడదు. అందుకని అవ్వ కథ చెప్పేది. నాకెన్నడూ చెప్పని కథలు! బాపుకు సద్ది కట్టడానికే తీరికలేని మనిషి అంత ఓపిక ఎక్కడ దాచుకుందో. నేను పొయ్యి పక్కన కూర్చుని, బొగ్గుపొడితో నా పండ్లు నేనే తోముకుంటూ కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాకూ రాయమని అడిగాను.

"నీ పండ్లకేమైందే? రాళ్లలెక్క ఉన్నయ్," అంది.

చెల్లె పుచ్చుపండ్లను చూస్తే నాకు కుళ్లు. నవ్వకండి. నాకూ ఒకటి పుచ్చాలని బుగ్గన బెల్లంముక్క పెట్టుకుని పడుకునేదాన్ని. ఏం లాభం, ఒక్కదానికీ ఏమీ కాలేదు.

చివరికి ఒకరోజు పొద్దున్నే దవడ పట్టుకుని ఏడుపందుకున్నాను. అవ్వ బెదిరిపోయి, చెల్లెకు మందు రాయడం కూడా ఆపేసి నన్ను దవాఖానకు తీసుకుపోయింది. దారంతా నా చేయి విడవలేదు. డాక్టరు నా నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, "ఈ పిల్లకు మందెందుకమ్మా? ఇంత మంచి పండ్లు నేను చూడలేదు," అన్నాడు.

అబద్ధం బయటపడింది, ఇక తన్నులే అనుకున్నాను. తన్నినా బాగుండేది. అవ్వ ముఖం వెలిగిపోయింది. వచ్చేటప్పుడు ఎదురైన ఆడవాళ్లనల్లా ఆపి చెప్పింది: "మా పెద్దపిల్ల పండ్లను డాక్టరే తారీఫ్ చేసిండు. దీనితోని నాకు ఏ ఫికరూ లేదు, ఏ చింతా లేదు."

ఇల్లు చేరగానే చెల్లెను ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు జర నల్లాకాడికి పోయి నీళ్లు తే పో, బిడ్డా," అంది నాతో.

బిందె చంకన పెట్టుకుని గడప దాటుతుంటే వెనక కథ మొదలైంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అవ్వ నా గురించి ఫికర్ పడలేదు.